అచ్చుపలక మీద వేలిముద్ర

కరిదొడ్డి, ఆలూరు తాలూకా
12 జూలై 1954

జీవక్కా,

బాగున్నావా అని అడిగి, బాగున్నానని చెప్పి ఒక పేజీ నింపే ఓపిక ఈరోజు నాకు లేదు. నేరుగా సంగతికొస్తాను.

ఈ బడిలో ఒకటో తరగతి, రెండో తరగతి, ఒకే గది, నేనొక్కదాన్ని. పిల్లలు ముప్పై నలుగురు. రెండో తరగతికి ఎక్కాలు చెప్తుంటే ఒకటో తరగతి వాళ్ళు ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కుంటారు. ఒకటో తరగతి దగ్గర కూర్చుంటే రెండో తరగతి సగం గోడ దూకి మేకల వెంట పోతుంది. పలకలు పద్దెనిమిది. అందులో ఆరు పగిలినవి.

మన మిషను బళ్ళ మేనేజరు ప్రేమయ్య గారు ఉత్తరం రాశారు. జనవరి నెలాఖరుకు ఇన్స్పెక్టరు వస్తాడట. డిసెంబరు, జనవరి నెలల్లో హాజరు ఇరవై ఐదుకు తగ్గితే బడి ఎత్తేస్తారట. ప్రతి బిడ్డకూ ప్రగతి పత్రం, దాని మీద తల్లిదో తండ్రిదో సంతకం లేకపోయినా ఎత్తేస్తారట. అప్పుడు పిల్లలు చదువుకు ఆలూరు నడవాలి. ఐదు మైళ్ళక్కా! మగపిల్లలు నలుగురు పోతారేమో. ఆడపిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు, ఒక్కతీ పోదు. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు, కాలు ఒకచోట నిలవడం లేదు.

నువ్వు పిల్లలకు కాయితాలు అచ్చు తీసి ఇస్తావు కదా, చుక్కలు కలిపి అక్షరాలు రాసేవి, బొమ్మలు లెక్కపెట్టి గుండ్రం చుట్టేవి. అవి ఎలా తీస్తావో రాయి. ప్రగతి పత్రానికి నమూనా కూడా పంపు. వెంటనే.

నీ కృప

*

కోయిలకుంట్ల
24 జూలై 1954

ఓసి కృపమణీ,

వెంటనే అంట, వెంటనే! ట్రైనింగులో అచ్చుపలక చేయడం నేర్పిన రోజు కడుపునొప్పని చాప పరుచుకుని పడుకున్నదెవరు? నాకు బాగా గుర్తుంది.

రాసుకో. మందుల అంగడిలో జెలటిన్ రేకులు, గ్లిజరిన్ దొరుకుతాయి. జెలటిన్ నానబెట్టి, గ్లిజరిన్ కలిపి, సన్నని సెగ మీద కరిగించి, బిస్కెట్ల డబ్బా మూతలో పోసి కదపకుండా ఉంచు. జున్నులాగా గడ్డకడుతుంది. అదే పలక. ఊదా రంగు కాపీ సిరాతో కాయితం మీద రాసి, ఆ రాతను పలక మీద బోర్లించి, ఐదు నిమిషాలు అదిమి తీయి. రాత పలకలోకి దిగుతుంది. ఇక దాని మీద తెల్లకాయితం వేయడం, రుద్దడం, తీయడం. ముప్పై నలభై వస్తాయి, చివరివి పలచబడతాయి. పనయ్యాక గోరువెచ్చని నీళ్ళతో తుడువు.

నువ్వు చేసుకునేలోపల నీ పిల్లలు జుట్లు ఊడబీక్కుంటారు కనక, నేను చేసిన పలకే ఒకటి, సిరా బుడ్డి, రెండు దస్తాల కాయితం లేవి మామ చేత పంపిస్తున్నాను. ఆయన ఆదోనికి వస్తున్నాడు.

ప్రగతి పత్రం నమూనా కూడా పెట్టాను. పేరు, పుట్టిన తేదీ, ఎన్ని అక్షరాలు వచ్చు, ఎంతవరకు లెక్కపెట్టగలదు, అన్నీ గళ్ళే. నీ ఊళ్ళో ఎవరికీ సంతకాలు రావు కనక కింద వేలిముద్రకు ఒక చదరం గీశాను. ఆ చదరం ఒక్క పత్రం మీద కూడా ఖాళీగా ఉండకూడదు. పిల్లలకు ఎంత చదువొచ్చిందో ఇన్స్పెక్టరు చూడడు, కాయితం చూస్తాడు. విన్నావా?

అన్నం తిను.

జీవమ్మ

*

కరిదొడ్డి
2 సెప్టెంబరు 1954

అక్కా, అక్కా!

నీ పలక మొదటి రోజే ఎండకు మెత్తబడి ఒక పక్కకు జారింది. రెండో రోజు గ్లిజరిన్ తీపికి చీమలు పట్టాయి. ఇప్పుడు దాన్ని నీళ్ళ పళ్ళెం నడుమ పీట మీద పెట్టి, తడి గోనె కప్పి కాపలా కాస్తున్నాను. పసిబిడ్డనైనా ఇంతగా ఎవరూ చూసుకోరు.

కానీ చెప్పనా? ఒకటో తరగతి చుక్కలు కలుపుతుంటే గదిలో చప్పుడే లేదు! నేను భయపడి తలలు లెక్కపెట్టాను, అందరూ ఉన్నారు. నీ నమూనాలో ఓడ బొమ్మ చూసి "నీళ్ళ తొట్టా టీచరమ్మా?" అన్నారు. అది తీసేసి గంప, జొన్నకంకి, కవ్వం గీశాను. ఇప్పుడు ఎవరూ నన్ను ఏమీ అడగరు, గబగబా చుట్టేస్తారు.

పోయిన శనివారం పెద్దవాళ్ళను పిలిచి పత్రాల మీద వేలిముద్రలు వేయించాను. స్టాంపు ప్యాడు లేదు. గుడ్డపేలికను ఆ ఊదా సిరాలోనే తడిపి సరిపెట్టాను. ముప్పై ఒకటి వచ్చాయి. మూడు తప్ప నీ చదరాలన్నీ నిండాయి, ఇక సంతోషమేనా?

ఒక నవ్వు సంగతి విను. రెండో తరగతిలో గిడ్డమ్మ అని ఒకతి, ఉరుకుందప్ప కూతురు, మహా గడుగ్గాయి. అరచేతికి సిరా పూసుకుని ఠపీమని పలక మీద వేసింది. చెవి మెలిపెట్టాను. అయినా సిరా ఊరికే పోవడమెందుకని కాయితాలు వేసి తీస్తే, పది కాయితాల మీద పది అరచేతులు! పిల్లలు కొట్టుకుని మరీ తలా ఒకటి ఇళ్ళకు పట్టుకుపోయారు. ఇప్పుడు ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా గిడ్డమ్మ చెయ్యే.

నీ కృప

*

కరిదొడ్డి (కార్డు)
9 అక్టోబరు 1954

అక్కకు,

ఇక్కడ అంతా బాగానే ఉంది. వాన లేదు. ఈసారి కాయితం ఎక్కువ పంపవద్దు, వారానికి పన్నెండు వచ్చేటట్టు చాలు. లేవి మామను అడిగానని చెప్పు.

కృపమణి

*

కోయిలకుంట్ల
18 అక్టోబరు 1954

కృపా,

కార్డు అందింది. నాలుగు వాక్యాలు! నువ్వు చీమల గురించే పది వాక్యాలు రాసే మనిషివి.

నీ బడిలో పిల్లలు ముప్పై నలుగురు. కాయితాలు పన్నెండు చాలంటున్నావు. నేను కూడా ఒకటో తరగతికి లెక్కలు చెప్పేదాన్నే. మిగిలిన ఇరవై రెండు మంది ఏమయ్యారు? అమ్మవారు పోసిందా? వలస పోయారా? నువ్వేమన్నా చేశావా?

అంతా బాగానే ఉందని ఇంకోసారి రాశావంటే నేనే బస్సెక్కి వస్తాను. నాకు బస్సులో వాంతులవుతాయని నీకు తెలుసు. అయినా వస్తాను.

జీవమ్మ

*

కరిదొడ్డి
26 అక్టోబరు 1954

అక్కా, రావద్దు, రాస్తున్నాను.

పన్నెండు కూడా అబద్ధమే. మొన్నటి నుంచి వస్తున్నది తొమ్మిది మంది.

పోయిన నెల కాలువకని మనుషులు వచ్చి ఊరి పడమటి చేలల్లో గొలుసులు పట్టి కొలిచారు, ఎర్రజెండాలు పాతారు. ఎవరి చేను పోతుందో, పోతే ఏమిస్తారో చెప్పినవాళ్ళు లేరు. పోయినేడు దాకా బళ్ళారి జిల్లా, ఇప్పుడు కర్నూలు జిల్లా. ఎవరిని అడగాలో కూడా ఈ ఊరికి తెలియదు. అందరికీ అదే బెంగ. అప్పుడు ఉరుకుందప్ప తన ఇంటి గోడకు అంటించిన గిడ్డమ్మ అరచెయ్యి చూశాడు.

మరుసటి రోజు పదిమందిని వెంటేసుకుని బడి వాకిట్లోకి వచ్చాడు. "ఏం టీచరమ్మా, మా పాప ఒకసారి సెయ్యేస్తే పది కాయితాల మీద దిగిండాది. మా బొటనేళ్ళు గూడ నీకాడ ఉండాయి గదా? అవి ఎన్ని కాయితాల మీద దించినావు? ఎవురికిచ్చినావు?" అన్నాడు.

"అయ్యో, ఎవరికీ ఇవ్వలేదు, అవి పిల్లల చదువు పత్రాలు" అన్నాను. వెనక నుంచి హనుమన్న, "సదువు సెప్పేదానికి మా ఏళ్ళెందుకు? సేను రాయించుకునేదానికే ఏళ్ళు కావాల్సింది" అని అరిచాడు. అదీ నిజమే. ఈ ఊళ్ళో ఇంతవరకు ఎవరు వేలిముద్ర వేయించుకున్నా చేను కోసమే వేయించుకున్నారు.

ఆ రోజు నుంచి పిల్లల్ని పంపడం లేదు. దారిలో కనిపిస్తే గిడ్డమ్మ నన్ను చూసి నవ్వబోతుంది, వాళ్ళమ్మ రెక్క పట్టి లాక్కుపోతుంది. జనవరికి రెండు నెలలే ఉంది. తొమ్మిది మందితో ఏం చేయను?

నీతో చెప్పకూడదనుకున్నాను. సిగ్గేసింది.

కృప

*

కోయిలకుంట్ల
3 నవంబరు 1954

కృపా,

ముందు కళ్ళు తుడుచుకో. ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి.

ఒకటి, ఆ పత్రాలు ఎవరడిగినా ఇవ్వకు. ఇస్తే ఇన్స్పెక్టరు ముందు ఉత్త చేతులతో నిలబడతావు. రెండు, పలక మీద చేతిరాతే దిగుతుంది గానీ వేలిముద్ర దిగదని చెప్పు. గట్టిగా చెప్పు. గిడ్డమ్మ చెయ్యి సంగతంటావా, అది తడి సిరా కనక దిగింది, ఆరిపోయిన వేలిముద్ర దిగదని చెప్పు. టీచరు గట్టిగా చెప్తే జనం వింటారు. నువ్వు నసిగి ఉంటావు, అందుకే నమ్మలేదు.

వాకిట్లోకి ఎవరొచ్చినా నువ్వు గుమ్మం దాటకు. త్వరలో నీకు మేనేజరు గారి దగ్గర నుంచి ఒక మంచి కబురు వస్తుంది. అంతవరకు ఓపిక పట్టు.

అక్క

*

కరిదొడ్డి
14 నవంబరు 1954

అక్కకు,

నువ్వు చెప్పినట్టే చెప్పడానికి బయలుదేరాను. చెప్పులు వేసుకున్నాక ఒక్కసారి చూసుకుందామనిపించింది. గంగక్క అని ఒకామె, భర్త లేడు, కూతురి పత్రం మీద తనే వేలు వేసింది. ఆ పత్రాన్ని పలక మీద బోర్లించాను. రెండున్నర నెలల కింద ఆరిపోయిన సిరా. ఐదు నిమిషాలాగి తెల్లకాయితం వేసి తీశాను.

దిగింది. గీతలు గీతలుగా, గంగక్క బొటనవేలు. మళ్ళీ తీశాను, మళ్ళీ దిగింది. నాలుగోది కూడా అలాగే దిగింది. నాలుగూ పొయ్యిలో పెట్టాను. వాళ్ళు చెప్పింది అక్షరాలా నిజమక్కా! మూర్ఖులు వాళ్ళు కాదు, నేను. దిగదని ఏ మొహంతో చెప్పమంటావు?

నీ మంచి కబురూ వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదువుకో. "మీ అక్కగారి కోరిక మేరకు మిమ్మును జనవరి మొదటి తేదీ నుండి కోయిలకుంట్లకు మార్చగలము. కరిదొడ్డికి మరియొకరు దొరకరు గనుక ఆ పాఠశాల మూసివేయబడును. మీ సమ్మతి తెలుపవలెను."

నన్ను అడక్కుండా రాశావా? ఇన్స్పెక్టరు మూస్తాడేమోనని నేను తిండి మానుకుంటే, నువ్వు ముందే మూయిస్తున్నావా?

కృపమణి

*

కోయిలకుంట్ల
20 నవంబరు 1954

కృపా,

ఔను, రాశాను. ఏం చేయమంటావు? మగవాళ్ళు పదిమంది వాకిట్లోకొచ్చి అరిచారని చదివాక, ఆ రోజు తరగతిలో రెండు రెండ్లు ఐదని చెప్పాను. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాకు నువ్వొక్కదానివే ఉన్నావు. ఊరు కాని ఊళ్ళో దొంగ అనిపించుకుంటున్నావు, అదీ నేను గీసిన చదరం వల్ల.

వేలిముద్ర దిగదని నేను చూసి చెప్పలేదు. అలా చెప్తే గొడవ అణుగుతుందని చెప్పాను. అది తప్పే.

నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. మేనేజరు గారికి ఏం జవాబిస్తావో కూడా నీ ఇష్టం. కానీ జాబు మాత్రం రాయడం మానకు. కోపంగానైనా రాయి.

జీవమ్మ

*

కరిదొడ్డి
15 డిసెంబరు 1954

అక్కా,

కోపం ఇంకా కొంచెం ఉంది. కానీ ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు మనసు నిలవదు.

మేనేజరు గారికి సమ్మతి లేదని రాసేశాను. ఆ మరుసటి శనివారం ఇల్లిల్లూ తిరిగి, "మీ వేళ్ళు మీకిచ్చేస్తాను, రండి" అని చెప్పాను. అందరూ వచ్చారు. పలక బయటికి తెచ్చి, నా బొటనవేలికే సిరా పూసి, కాయితం మీద వేసి, ఆరనిచ్చి, ఆ కాయితాన్ని పలక మీద బోర్లించాను. ఆరు కాయితాల మీద నా వేలు దిగింది. తలా ఒకటి చేతికిచ్చి, "మీరు భయపడింది నిజమే. దిగుతుంది. నేను మీవి ఎవరికీ ఇవ్వలేదు. కానీ ఇయ్యాలనుకుంటే ఇయ్యొచ్చు. అందుకే మీవి మీరు తీసుకోండి" అన్నాను.

ముప్పై ఒకటీ ఇచ్చేశాను. హనుమన్న తనది అక్కడే చింపి నోట్లో వేసుకుని నమిలాడు! గంగక్క మడిచి రొంటిన దోపుకుంది. ఉరుకుందప్ప మాత్రం పోలేదు. పత్రాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏలు కాకుండ పేరు రాస్తే? అది గూడ దిగుతాదా?" అన్నాడు.

"ఈ సిరాతో రాస్తే దిగుతుంది. మామూలు నల్ల సిరాతో రాస్తే దిగదు."

"నువ్వంటే సరా? సూడాల."

నల్ల సిరాతో అతని పేరు రాసి పలక మీద పెట్టాను. ఐదు నిమిషాలూ అతను కన్ను తిప్పలేదు. తెల్లకాయితం తనే వేసి, తనే రుద్ది, తనే తీశాడు. ఏమీ లేదు. వెనక్కి తిప్పి చూశాడు. ఎండకు పెట్టి చూశాడు. తర్వాత నేను రాసిన కాయితం తీసుకుని, "నా పేరు యాడ మొదులైతాది ఇందులో?" అన్నాడు.

అంతే. ఇప్పుడు పలక మీద అచ్చు తీస్తున్నది పిల్లల అక్షరాలు కాదు, తల్లిదండ్రుల పేర్లు, చుక్కల్లో. పొద్దు వాలకముందే చేల నుంచి వచ్చి బడి అరుగు మీద కూర్చుంటారు. ఉరుకుందప్ప కలాన్ని నాగలి మేడి పట్టినట్టు పట్టి మూడు పాళీలు విరగ్గొట్టాడు. గిడ్డమ్మ పక్కన నిలబడి, "అట్ల కాదు నాయనా, కొమ్ము పైకి పోవాల, శానాసార్లు సెప్తి నీకు" అని కసురుతుంది. గంగక్క అందరికన్నా ముందు నేర్చింది. మూడు అక్షరాలే కదా అని మగవాళ్ళు ఉడుక్కుంటున్నారు.

పేరు నేర్చినవాళ్ళ చేత కొత్త పత్రాల మీద నల్ల సిరాతో సంతకం చేయిస్తున్నాను. గళ్ళలో ఏముందో చదివి వినిపించాకే చేయిస్తున్నాను. బడికి ఇప్పుడు ఇరవై తొమ్మిది మంది వస్తున్నారు. ఈ లెక్క నిజం.

కృప

*

కోయిలకుంట్ల
28 డిసెంబరు 1954

కృపా,

నీ జాబు నాలుగుసార్లు చదివాను. హనుమన్న పత్రం నమలడం దగ్గర నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో చెప్పలేను.

నా బీరువాలో అరవై వేలిముద్రలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ అవి నాకు అరవై కాయితాలే. ఇప్పుడు బీరువా తెరిస్తే అరవై మంది నిలబడి చూస్తున్నట్టుంది. రేపటి నుంచి ఒక్కొక్కరినీ పిలుస్తాను.

నీ బడిని మూయమని నేను రాసినదాన్ని మరిచిపొమ్మని అడగను. ఇన్స్పెక్టరు వచ్చిపోయిన రోజే రాయి. నాకు ఇక్కడ నిద్ర లేదు.

జీవమ్మ

*

కరిదొడ్డి
29 జనవరి 1955

అక్కా,

ఈరోజు వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని రాస్తున్నాను.

పిల్లల్ని లెక్కపెట్టాడు, ఇరవై తొమ్మిది. సరేనన్నాడు. పత్రాల కట్ట తీశాడు. నాలుగు చూశాడు, పది చూశాడు, గబగబా చివరిదాకా తిప్పాడు. హాజరు పట్టీ తెమ్మని పక్కన పెట్టుకుని, అందులో నా రాతతో పోల్చాడు. నా వైపు చూసి, "ఈ సంతకాలన్నీ ఒకే చేతివి. నీ చేతివి" అన్నాడు.

నేనూ ఆ పత్రాల వైపు వంగి చూశాను. అది నిజంలా ఉంది! వాళ్ళు నేర్చింది నా రాత చూసే కదా. నా కొమ్ము ఎలా వంగుతుందో అందరి కొమ్మూ అలాగే వంగింది. నేను గుడి ఎక్కడ మొదలుపెడతానో అందరూ అక్కడే మొదలుపెట్టారు. ముప్పై మంది చేత నా చేతిరాత రాయిస్తున్నానని నాకు ఒక్కనాడూ తట్టలేదు.

"వాళ్ళే చేశారండీ, నేను నేర్పాను" అన్నాను. "ఈ ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరని నువ్వే జూన్‌లో రాసి పంపావు. ఆరు నెలల్లో అందరూ పండితులయ్యారా?" అన్నాడు. ఒక తెల్లకాయితం తీసి ఏదో రాయసాగాడు. గంగక్క కూతురిని దిగబెట్టడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని చేల వైపు పరుగు తీసింది.

ఆయన రాయడం అయ్యేసరికి పన్నెండు మంది వచ్చారు. జొన్న కోతల్లోంచి వచ్చినట్టే వచ్చారు, తల నిండా దుమ్ము. ఆయన స్టాంపు ప్యాడు మూత తీసి బల్ల మీద పెట్టి, కాయితం ముందుకు తోసి, "వరసగా వేలిముద్రలు వేయండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఉరుకుందప్ప ముందుకొచ్చి చేతులు పంచెకు తుడుచుకుని, "అందులో ఏం రాసినావో సదివి ఇనిపించు సామీ" అన్నాడు.

"అది మీకెందుకు? ఆఫీసు కాయితం."

"ఇనకుండ మేం యాడా ఏలెయ్యం. సంతకమూ సెయ్యం."

ఆయన మొహం ఎర్రబడింది. నా వైపు చూశాడు. నేను చెప్పించానని అనుకున్నాడేమో. చివరికి కాయితం తీసుకుని చదివాడు. "ప్రగతి పత్రముల మీది సంతకములు మేము చేసినవి కావు. మాకు వ్రాయుట రాదు. అవి ఉపాధ్యాయురాలు చేసినవి." చివరి మాటకు వచ్చేసరికి ఆయన గొంతు ఆయనకే వినపడనంత తగ్గింది.

అక్కా, వాళ్ళు వెనకటిలాగా వేలు వేసి ఉంటే నేను ఈపాటికి దొంగను. బడి ఈపాటికి లేదు.

"అబద్దం" అంది గంగక్క. "మేం సేసినవే. ఆ కాయితం తీసేసి, ఇంకోటి మేం సెప్పినట్ల రాయి." ఆయన ఏమీ అనకముందే బల్ల మీది కలం తీసుకుని ఆ పత్రాల కట్ట వెనకనే మూడు అక్షరాలూ రాసి పెట్టింది. తర్వాత హనుమన్న. తర్వాత ఉరుకుందప్ప, నాలుక పళ్ళ మధ్య కరిచిపెట్టి, ఇంత పొడుగు పేరు, చెమటలు కారుస్తూ. పన్నెండు మందీ రాసేదాకా ఆయన కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. తాను రాసిన కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపాడు. తనిఖీ పుస్తకం తెరిచి రెండు వరసలు రాసి, మూసి, లేచాడు.

నేను దండం పెట్టాను. నాకు అదేం రాశాడో అడిగే ధైర్యం లేదు.

ఉరుకుందప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఆ పుస్తకంలో రాసింది గూడ సదువు సామీ" అన్నాడు.

ఇన్స్పెక్టరు నిలబడే పుస్తకం తెరిచి చదివాడక్కా. "పాఠశాల కొనసాగించవచ్చును."

కృప